ముంపు ఊరి పిల్లలను వంటశాల మీదుగా ఉద్యోగంలోకి పంపాలంటే

పెన్నా మీద కట్టిన గండికోట రిజర్వాయరులో 26.85 టీఎంసీల నీళ్లు పడతాయి. ఆ నీళ్లు నిలవడానికి కడప జిల్లా కొండాపురం మండలంలో ఊర్లకు ఊర్లే ఖాళీ అయ్యాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు పదో తరగతి చదువుతున్న పిల్లోడికి ఇప్పుడు ఇరవై దాటింది. వాళ్ల నాయనకు వచ్చిన పరిహారం ప్యాకేజీ డబ్బులు పునరావాస కాలనీలో ఇల్లు లేపడానికి, అప్పులకు, అక్క పెళ్లికి అయిపోయి ఉంటాయి. చీనీ తోట నీళ్లలో ఉంది. పిల్లోడు బెంగళూరులో బేల్దారి పనికో, చెన్నైలో గోడౌన్ పనికో పోతాడు, లేదా కువైట్ వీసా ఎవరైనా ఇప్పిస్తారేమోనని ఎదురుచూస్తూ కాలనీ కట్ట మీద కూర్చుంటాడు. ఇలాంటి పిల్లలకు పని నేర్పే వంటశాల ఒకటి మేము నడుపుతున్నాం, అలాంటిది పెట్టాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

యుద్ధం వల్ల దేశం విడిచి వచ్చిన పిల్లలకు వంటశాలల్లో పని నేర్పి, అక్కడి నుంచి ఉద్యోగాల్లోకి పంపే సంస్థలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. మన నిర్వాసితుల పరిస్థితి వేరు, వీళ్లకు ఓటు ఉంది, రేషన్ కార్డు ఉంది, భాష మనదే. కానీ ఒక విషయంలో మాత్రం ఇద్దరి కష్టం ఒకటే. కొత్తచోట వాళ్లెవరో ఎవరికీ తెలియదు. ఊర్లో ఉన్నప్పుడు "ఫలానా రెడ్డప్ప మనవడు" అంటే చాలు, అంగట్లో అప్పు పుట్టేది, ట్రాక్టరు తాళం చేతికిచ్చేవాళ్లు. జమ్మలమడుగులోనో ప్రొద్దుటూరులోనో పని అడగడానికి పోతే మొదటి ప్రశ్న "నీకిక్కడ ఎవరు తెలుసు?" అని. దానికి వాడి దగ్గర జవాబు లేదు. మీరు పెట్టే వంటశాల ఆ జవాబు కావాలి. సంగటి వండటం వాళ్ల అమ్మ కూడా నేర్పుతుంది, "ఈ పిల్లోడు నాకు తెలుసు, నాలుగు నెలలు నా దగ్గర పనిచేశాడు" అని చెప్పే మనిషి మాత్రం వాడికి లేడు. కింద చెప్పేవన్నీ దానికోసమే.

మొదట కాలనీకి పోయి కూర్చోండి

గిన్నెలు కొనకముందు నెల రోజులు పునరావాస కాలనీలో తిరగండి. సాయంత్రం ఐదు తర్వాత పోతే మనుషులు దొరుకుతారు. పద్దెనిమిది నుంచి పాతికేళ్ల లోపు వాళ్లు ఎంతమంది ఉన్నారు, ఎవరు ఎంత చదివారు, ఇప్పుడేం చేస్తున్నారు అని ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. పద్దెనిమిది నిండని వాళ్లను తీసుకోకండి, వాళ్లను మళ్లీ చదువులో పెట్టడానికి చూడండి.

"ఊరు పోయినప్పుడు మీకెలా అనిపించింది" అని మాత్రం అడగొద్దు. చాలామంది వచ్చి అదే అడిగి, ఫొటో తీసుకొని పోయారు. మీరు "పొద్దున ఎన్ని గంటలకు లేస్తావు, లెక్కలు వచ్చా, బండి నడుపుతావా, ఇంట్లో ఎవరైనా ఒప్పుకోరా" అని అడగండి. వాళ్ల అమ్మతో కూడా మాట్లాడండి, ఆడపిల్ల అయితే అమ్మతోనే ముందు మాట్లాడండి. ఎన్ని గంటలకు వదులుతారు, ఆటో ఎవరిది, పక్కన ఇంకెవరు ఆడవాళ్లు ఉంటారు అని ఆమె అడుగుతుంది. ఆ మూడింటికీ సరైన జవాబు లేకపోతే ఆడపిల్లలు రారు. మేము సాయంత్రం ఐదున్నరకు పని ఆపి, కాలనీకి ఒకే ఆటో మాట్లాడి అందరినీ ఒకేసారి పంపాకే ఆడపిల్లలు రావడం మొదలైంది.

అప్పుడే కాగితాలు కూడా చూడండి. ఆధార్‌లో అడ్రసు ఇంకా నీళ్లలో ఉన్న ఊరిదే ఉంటుంది. బ్యాంకులో, ఉద్యోగంలో అక్కడే చిక్కు వస్తుంది. గెజిటెడ్ అధికారి గానీ తహసీల్దారు గానీ సంతకం చేసిన ఆధార్ వారి నిర్ణీత ఫారంతో అడ్రసు మార్చుకోవచ్చు, సంతకం తేదీ నుంచి మూడు నెలల్లోపు వాడుకోవాలి. మొదటి పదిహేను రోజుల్లో మీరే పక్కన ఉండి చేయించండి. బ్యాంకు ఖాతా వాళ్ల సొంత పేరు మీదే ఉండాలి, నాయన పేరు మీది చాలదు.

ఇంకొక మాట. ఊరిని 2013 భూసేకరణ చట్టం కింద తీసుకొని ఉంటే, ప్రతి కుటుంబానికి ఉద్యోగం గానీ, ఒకేసారి 5 లక్షలు గానీ, నెలకు 2,000 చొప్పున 20 ఏళ్లు గానీ కోరుకునే హక్కు ఉంది. పెద్దవాళ్లయిన పిల్లలను వేరే కుటుంబంగా లెక్కించాలి. మీరు పని చూపిస్తున్నారని ఆ హక్కును వాళ్లు వదులుకోకూడదు, ఆ కాగితాల పని జరుగుతూనే ఉండాలి. అయితే ఆ ఉద్యోగం కోసమే వయసంతా కూర్చోకూడదు కూడా. శ్రీశైలం ప్రాజెక్టు కింద ఊర్లు పోయిన ఉమ్మడి కర్నూలు జిల్లా కుటుంబాల్లో, నిర్వాసితులకు ఉద్యోగం ఇస్తామన్న జీవో 98ని నమ్మి ఆ ఉద్యోగం కోసం ఎదురుచూసి వయసు దాటినవాళ్లు ఉన్నారు, ఒక్కసారి వాళ్లతో మాట్లాడి రండి.

ఏం వండాలి, ఎవరికి అమ్మాలి

ఐదు రకాలకు మించి పెట్టకండి. పొద్దున ఉగ్గాని బజ్జీ, కారం దోసె. మధ్యాహ్నం సంగటి, పప్పో వంకాయ కూరో, ఊరిబిండి పచ్చడి. ఆదివారం మాత్రం నాటుకోడి. నిలవ ఉండేదానికి శెనక్కాయల పొడి. వీళ్లు పుట్టినప్పటి నుంచి తిన్న తిండి ఇదే కాబట్టి బాగుందో లేదో నాలుకకు తెలుసు, మీరు కొత్తగా చెప్పాల్సింది తక్కువ.

కొనేవాళ్లను ముందు చూసుకోండి. గండికోటకు శని, ఆదివారాల్లో వచ్చేవాళ్లు ఎక్కువ డబ్బులు పెడతారు గానీ వారంలో మిగతా ఐదు రోజులు అక్కడ ఏమీ ఉండదు. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటు ఉన్నాయి, అక్కడ కాంట్రాక్టు కూలీలకు మధ్యాహ్నం భోజనం రోజూ కావాలి. పెళ్లిళ్లు, మీటింగులు అప్పుడప్పుడు వస్తాయి. రోజువారీ కూలీల భోజనం మీద వంటశాల నిలబడాలి, మిగతావి దాని మీద వచ్చే లాభం. చాలామంది తిరగేసి చేసి, టూరిస్టుల మీద ఆశపెట్టుకొని, ఎండాకాలంలో మూతేసుకుంటారు.

అప్పు విషయంలో గట్టిగా ఉండండి. ఒక క్యాంటీనుకు మేము మూడు నెలలు భోజనాలు పంపాం, బిల్లు అడిగిన ప్రతిసారీ వచ్చే వారం అన్నారు. ఆ మూడు నెలలు పిల్లోళ్లకు కూలి నేను చేబదులు తెచ్చి ఇచ్చాను. అప్పటి నుంచి పదిహేను రోజులకు మించి ఎవరికీ అప్పు పెట్టలేదు, పదహారో రోజు క్యారియర్ ఆగిపోతుందని మొదటి రోజే చెప్పేస్తున్నాం.

బోర్డు మీద "నిర్వాసితుల భోజనం" అని రాయకండి. మేము మొదట్లో రాశాం, మంచి ఉద్దేశంతోనే. తినడానికి వచ్చిన ప్రతివాళ్లూ వడ్డించే పిల్లను "అయ్యో, మీ ఊరు మునిగిపోయిందా" అని అడిగేవాళ్లు. నాలుగు రోజులకు ఆ పిల్ల రావడం మానేసింది. ఇంటికి పోయి అడిగితే, "అక్కా, సంగటి బాగుందా అని ఒక్కరూ చెప్పరు" అంది. ఆ రాత్రే బోర్డు దించేశాం.

డబ్బు లెక్క, రెండు ఖాతాలు

ఇక్కడ తప్పు జరిగితే మంచి పని కూడా ఏడాదిలో మునుగుతుంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. ఒక సంగటి భోజనం 70 రూపాయలకు అమ్ముతున్నారు అనుకోండి. సరుకులు 28, గ్యాసు 6, ప్యాకింగు 4, జీతాలు 20, అద్దె 5 అయితే మొత్తం 63, మిగిలేది 7. రోజుకు 60 భోజనాలు, నెలకు 26 రోజులు అమ్మితే 1,560 భోజనాలు, మిగులు 10,920. జీతాల కింద వేసుకున్న 20 రూపాయల లెక్కన నెలకు 31,200 వస్తుంది. వంట మనిషికి, పని పూర్తిగా వచ్చిన ఇంకొకరికి ఇవ్వడానికి అది చాలు. నేర్చుకునే నలుగురికి ఇచ్చే కూలి అందులో పట్టదు, పట్టించాలని చూస్తే భోజనం వంద అవుతుంది, కూలీలు కొనరు.

కాబట్టి రెండు ఖాతాలు పెట్టండి. ఒకటి వంటశాలది, అది తన కాళ్ల మీద తాను నిలబడాలి. రెండోది నేర్పడానికి అయ్యే ఖర్చుది: నేర్చుకునేవాళ్ల కూలి, ఆటో, పాడైన సరుకు, నేర్పే మనిషి సమయం. ఇది దాతల నుంచి, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధుల నుంచి, శని ఆదివారాల లాభం నుంచి రావాలి. రెండూ కలిపేస్తే వంటశాల బాగా నడుస్తోందా లేదా అన్నది మీకే తెలియదు, ఇచ్చేవాళ్లు లెక్క అడిగినప్పుడు చూపించడానికీ ఏమీ ఉండదు.

కూలి మొదటి రోజు నుంచే ఇవ్వండి. "నేర్పుతున్నాం కదా" అని సగం ఇస్తే, ఇంట్లో అవసరం ఉన్న పిల్లోడు రెండో వారం బేల్దారి పనికి పోతాడు, వాణ్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు. అలాగే వాళ్ల ప్యాకేజీ డబ్బుల్లో ఒక్క రూపాయి కూడా పెట్టుబడిగా అడగకండి, వాళ్లే ఇస్తామన్నా వద్దనండి. అప్పులు కూడా వాళ్ల పేరు మీద తీయొద్దు.

మీకు అప్పు కావాలంటే కేంద్రం వారి ముద్ర పథకంలో శిశు కింద 50,000 వరకు తాకట్టు లేకుండా వస్తుంది. పెద్దగా పెట్టాలంటే పీఎంఈజీపీ అనే కేంద్ర స్వయం ఉపాధి పథకం ఉంది, పల్లెల్లో జనరల్ వాళ్లకు 25 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 35 శాతం సబ్సిడీ. దరఖాస్తు ఎలా పెట్టాలో జిల్లా పరిశ్రమల కేంద్రంలో చెప్తారు. చిన్న వ్యాపారాలకు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బులు అడిగే వెబ్‌సైటు ఏదైనా కనిపిస్తే అది దొంగది.

సంస్థ రూపం గురించి మొదట్లోనే తల పగలగొట్టుకోవద్దు. కాలనీలో పొదుపు సంఘం ఉంటే దాని కిందే ఆరు నెలలు నడపండి. నిలదొక్కుకున్నాక సొసైటీగా గానీ, 1995 మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం కింద సహకార సంఘంగా గానీ, లాభం పంచుకోని సెక్షన్ 8 కంపెనీగా గానీ మార్చుకోవచ్చు. నా ఓటు మ్యాక్స్‌కే, ఎందుకంటే పని నేర్చుకొని పోయినవాళ్లు కూడా సభ్యులుగా ఉండి రేపు నిర్ణయాల్లో మాట చెప్పగలుగుతారు.

వంటగది

ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఫోస్కోస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్లో చేసుకోండి, 14 అంకెల నంబరు వస్తుంది, దాన్ని గోడ మీద, బిల్లు మీద పెట్టాలి. వంటగదిలో పనిచేసే ప్రతివాళ్లకూ ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించి సర్టిఫికెట్ ఉంచుకోవాలి. తిండి శుభ్రత నేర్పే ఫాస్టాక్ శిక్షణ ఒకరికి తప్పకుండా చేయించండి, వీలైతే పిల్లోళ్లందరికీ చేయించండి, రేపు హోటల్లో ఉద్యోగం అడిగేటప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.

కడప ఎండలో తిండి ఎంత త్వరగా పాడవుతుందో మీకు తెలిసిందే. వేడిగా పెట్టేది 60 డిగ్రీలు తగ్గకూడదు, చల్లగా పెట్టేది 5 డిగ్రీలు దాటకూడదు, మధ్యలో ఎక్కువసేపు ఉంచితే చెడుతుంది. ఒక ప్రోబ్ థర్మామీటరు కొని, రోజుకు మూడుసార్లు చూసి రాయించండి. నీళ్లు పోసి నూరిన ఊరిబిండి పొద్దున చేసింది రాత్రికి పెట్టొద్దు. బజ్జీల నూనె నల్లబడి, నురగ వచ్చి, పొగ ముందే లేస్తుంటే పారబోయండి. మళ్లీ మళ్లీ కాచినప్పుడు పుట్టే పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జులై నుంచి నిబంధనే ఉంది.

నాలుగు నెలలు ఎలా నేర్పాలి

ఒక విడతకు నలుగురు, మహా అయితే ఆరుగురు. మొదటి రెండు వారాలు పొయ్యి దగ్గరికి రానీయకండి. చేతులు కడగడం, గిన్నెలు, కూరగాయలు తరగడం, తూకం. తూకం చాలా ముఖ్యం. ఇంట్లో అమ్మ పిడికిలితో వేస్తుంది, ఇక్కడ 60 మందికి పిడికిలి పనికిరాదు.

సంగటినే తీసుకోండి. ఒక గ్లాసు నూకలకు రెండు గ్లాసుల రాగిపిండి, ఆరు గ్లాసుల నీళ్లు, ఇది మా కొలత. నూకలు మెత్తగా, చిదిమితే నలిగిపోయేలా ఉడకాలి. పిండి నీళ్ల మీద గోపురంలా పోసి కలపకుండా వదిలేయాలి. సంగటికట్టెతో నడిమధ్యలో ఒక బొక్క చేస్తే అందులోంచి ఆవిరి గుబగుబమని పైకి వచ్చి పిండి లోపల కూడా ఉడుకుతుంది. సన్న సెగ మీద మూత పెట్టి పది నిమిషాలు. తర్వాత సట్టి దించి, ఇద్దరు గుడ్డతో పట్టుకుంటే ఒకరు కట్టెతో అంచు నుంచి మధ్యకు ఒత్తుతూ కెలకాలి. తొందరపడి ముందే కెలికితే ఉంటలు కడుతుంది, లోపల తెల్లగా పచ్చిపిండి ఉంటుంది. మా దగ్గరికి వచ్చినవాళ్లలో ఒక పిల్లోడు మొదటి నెల ఎవరితోనూ మాట్లాడలేదు. సట్టి పట్టుకునే పని వాడికిచ్చాం. అవతల పట్టుకున్నవాడు వదలకుండా ఉండాలంటే "ఇంకొంచెం వంచు", "ఆగు", "ఇప్పుడు తిప్పు" అని చెప్పాలి కదా, వాడి నోట్లోంచి మాటలు అక్కడే మొదలయ్యాయి. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక హోటల్లో ఆర్డర్లు తీసుకుంటున్నాడు.

రెండో నెల పొయ్యి, కొలతలు, సరుకుల పట్టీ రాయడం. మూడో నెల కౌంటరు: బిల్లు, ఫోన్ పే, కొట్లాడే కస్టమరుతో మాట్లాడటం, ఫోన్‌లో ఆర్డరు తీసుకొని తిరిగి చదివి వినిపించడం. ఒక్కొక్కరికి ఒక్కో రోజు మొత్తం బాధ్యత అప్పగించండి. ఆ రోజు ఉప్పు ఎక్కువైతే కొన్నవాళ్లకు వాళ్లే చెప్పాలి, మీరు ముందుకు పోకండి. నాలుగో నెలలో ఒక వారం బయట ఏదైనా హోటల్లోనో హాస్టల్ మెస్‌లోనో పనిచేయించండి, ఆ వారం కూలి మీరే ఇవ్వండి. యజమానికి పోయేది ఏమీ ఉండదు కాబట్టి ఒప్పుకుంటాడు.

టైముకు రాకపోవడం మొదట అందరికీ ఉండేదే. పొలం పనికి గంట కొట్టరు, వానను బట్టి, కరెంటును బట్టి నడుస్తుంది. దాన్ని సోమరితనం అనుకోకండి. వచ్చిన టైము వాళ్లే రాసుకునే పుస్తకం పెట్టండి, నెలాఖరున కూర్చోబెట్టి చూపించండి. పండగలు, జాతరల తేదీలు మాత్రం ముందే అడిగి సెలవు ఇచ్చేయండి. ఊరు పోయినా ఆ ఊరి దేవర ఎక్కడున్నా అందరూ అక్కడికి పోతారు, పోనివ్వాలి కూడా.

మధ్యలో కొందరు వెళ్లిపోతారు. బెంగళూరులో స్నేహితుడు పిలిచాడని ఒకడు చెప్పకుండా పోయాడు, మూడు నెలలకు తిరిగొచ్చి వాకిట్లో నిలబడ్డాడు. తీసుకున్నాం. కూలి బాకీ ఏమైనా ఉంటే వెళ్లినవాడికి కూడా పంపండి.

ఉద్యోగంలోకి పంపడం

మూడో నెల నుంచే యజమానులతో మాట్లాడండి. హోటళ్లే అనుకోకండి. హాస్టల్ మెస్సులు, ఆసుపత్రి క్యాంటీన్లు, బేకరీలు, సూపర్ మార్కెట్లు, క్యాటరింగ్ వాళ్లు, అందరికీ తూకం తెలిసిన, టైముకు వచ్చే, లెక్క రాసే మనిషి కావాలి. సొంతంగా బండి పెట్టుకుంటాం అనేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, వాళ్లను జిల్లాలోని ఆర్‌సెటీకి (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థకు) పంపండి, అక్కడ వసతితో శిక్షణ ఉచితం, బ్యాంకు అప్పుకూ దారి చూపిస్తారు.

బాగా పనిచేసేవాణ్ని మీ దగ్గరే ఉంచుకోవాలనిపిస్తుంది. నాకూ అనిపించింది, వాడు లేకపోతే ఆదివారం నాటుకోడి ఎవరు చూస్తారని టెన్షన్ పడ్డాను. అయినా పంపేయండి, లేకపోతే కాలనీలో వెనక వరుసలో ఉన్నవాళ్లకు చోటు రాదు.

పంపేటప్పుడు జీతం, పని గంటలు, వారానికి సెలవు, ఉండే చోటు, ఈ నాలుగూ యజమాని నోటితో పిల్లోడి ముందే చెప్పించి రాసుకోండి. ఆడపిల్ల అయితే ఉండే గదిని మీరు స్వయంగా చూసి రండి. మొదటి వారం రోజూ, మొదటి నెల వారానికోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి ఫోన్ చేయండి, యజమానికి వేరుగా, పిల్లోడికి వేరుగా. ఎక్కువమంది మొదటి జీతం రోజు దగ్గరే తడబడతారు, అనుకున్నంత ఇవ్వలేదనో, ఎందుకు కోశారో అడగలేకనో మానేస్తారు. ఆ రోజు తప్పకుండా మాట్లాడండి.

చేతిలో ఒక కాగితం పెట్టి పంపండి. సర్టిఫికెట్‌లా పెద్ద మాటలు వద్దు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనిచేశాడు, ఎన్ని రోజులు వచ్చాడు, ఏమేం వండగలడు, ఎంతమందికి వండగలడు, డబ్బు పెట్టె ఎన్ని రోజులు చూశాడు, లెక్క సరిపోయిందా. ఇంతే. కింద మీ పేరు, మీ ఫోన్ నంబరు. కొత్త యజమాని ఎప్పుడైనా ఫోన్ చేస్తాడు, పొద్దున ఆరింటికి కూడా చేస్తాడు, అప్పుడు మీరు లేకపోతే ఫోన్ ఎత్తి "అవును, వాడు మాకు తెలుసు" అని చెప్పడానికి వంటశాలలో ఇంకొకరు ఎవరో ముందే అనుకొని పెట్టుకోండి.